కోనేలకున్న హక్కు

"ఆ పన్నెండో వరుసలో మనిషిని బయటికి పంపించెయ్యనా?" అన్నాడు తోటి రిఫరీ మాదూ, నీళ్ళ సీసా అందిస్తూ.

బాస్కెట్‌బాల్ ఆటలో టైమ్ అవుట్ ముగియడానికి ఇంకా అర నిమిషం ఉంది. తెనిన్ నీళ్ళు తాగలేదు. విజిల్‌ని చొక్కాకి తుడుచుకుని, వెనక్కి చూడకుండానే "వద్దు" అంది.

"నువ్వు ప్రధాన రిఫరీవి. చెయ్యెత్తితే చాలు, కాపలావాళ్ళు లాక్కుపోతారు. పైన ట్యునీసియా ఆయన నీ మార్కులు రాసుకుంటున్నాడు."

"రాసుకోనీ."

"నీకేమైంది ఇవాళ? కళ్ళెందుకు అలా ఉన్నాయి?"

"దుమ్ము" అంది. రాజధాని బమాకోలో ఆ నెలంతా దుమ్మే కాబట్టి మాదూ ఇంకేం అడగలేదు.

పన్నెండో వరుసలోంచి మళ్ళీ గొంతు లేచింది. "ఒసేయ్ ట్రావోరే పిల్లా, పొద్దున ఎన్ని గిన్నెల బొబ్బర్లు తిన్నావే? బంతి కంటే పొట్టే ముందు పరిగెడుతోంది."

హాలంతా నవ్వింది. తెనిన్ విజిల్ ఊది ఆట మళ్ళీ మొదలుపెట్టింది.

పదిహేడేళ్ళప్పుడు తన ఊరు కీతాలో బడి మైదానంలో ఆమె మొదటి విజిల్ ఊదింది. తర్వాత జిల్లా పోటీలు, తర్వాత రాజధానిలో మొదటి శ్రేణి. ఇవాళ్టి ఆటలో ఎనభై మార్కులు వస్తే అంతర్జాతీయ జాబితాలో పేరు చేరుతుంది. ఈ ఒక్క రోజు కోసమే ఏడేళ్ళుగా ఊరికి దూరంగా, ఒక్క గదిలో ఉంటోంది. రిఫరీకి స్నేహాలు పనికిరావు. ఓడినవాళ్ళు ఆమెను దొంగను చూసినట్టు చూస్తారు, గెలిచినవాళ్ళు అసలు చూడరు. ఆట అయ్యాక ఏ జట్టు బస్సూ ఆమెది కాదు. అన్నం ఒక్కతే తింటుంది.

మూడో క్వార్టర్‌లో ఆ గొంతు ఇంకా పెరిగింది.

"మీ నాన్న ఏడే, నా బానిసా? బొబ్బర్లు పంచాల్సి వస్తుందని ఎక్కడ దాక్కున్నాడు? లేచి రమ్మను. ఆ గిన్నె నాది."

ఈసారి హాలులో కొందరే నవ్వారు. తెనిన్ పెదాల మధ్య నుంచి విజిల్ జారి ఛాతీ మీద వేలాడింది. అంతలోనే మళ్ళీ అందుకుని ఫౌల్ ఇచ్చి, స్కోరు బల్ల వైపు తిరిగి వేళ్ళతో ఏడో నంబరు చూపించింది.

ఆట అయ్యాక ట్యునీసియా నుంచి వచ్చిన పరిశీలకుడు లస్సాద్ ఆమెను చిన్న గదిలోకి పిలిచాడు.

"మీ కాళ్ళు బాగున్నాయి, కళ్ళు ఇంకా బాగున్నాయి. చివరి నిమిషంలో మీరిచ్చిన ఫౌల్ నేనైతే ఇచ్చేవాణ్ణో లేదో. కానీ ఆ మనిషి సంగతేమిటి? నాకు మీ భాష రాదు. పక్కనున్న అమ్మాయిని అడిగాను. మిమ్మల్ని బానిస అన్నాడట. మీ తండ్రిని కూడా ఏదో అన్నాడట."

"ఆయన ఇంటిపేరు కోనే, సార్. మేం ట్రావోరేలం."

"అయితే?"

"కోనేలు మమ్మల్ని బొబ్బర్లు మెక్కేవాళ్ళనొచ్చు, బానిసలనొచ్చు, ఏమైనా అనొచ్చు, మేం వాళ్ళని అనొచ్చు. తాతల నాటి నుంచీ అంతే. పెళ్ళిలో వరుడి చెప్పులు దాచేస్తారు, చావింట్లో ఏడ్చేవాళ్ళని నవ్విస్తారు, సంతలో మా బుట్టలోంచి మామిడిపండు తీసుకుని తినేస్తారు. వాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదు."

"ఆడే కోర్టులో కూడానా?"

"కోర్టు తప్ప అని ఎవరూ చెప్పలేదు, సార్."

లస్సాద్ కొంచెం నవ్వాడు. "నిబంధనల పుస్తకంలో ఇంటిపేర్లు లేవమ్మా. ఆయన ప్రతి ఆటకీ వస్తాడా?"

"ఎప్పుడూ రాలేదు. మా ఊరాయనే. ఇక్కడ బస్సులు ఆగే చోట పంక్చర్లు వేస్తాడు. బాస్కెట్‌బాల్ గురించి ఏమీ తెలియదు."

"మరి ఇవాళెందుకు వచ్చాడు?"

తెనిన్ బల్ల వైపు చూసింది. "టికెట్ కొనుక్కుని వచ్చాడు, సార్."

ఆయన కాగితం ఆమె వైపు తిప్పాడు. "ప్రేక్షకుల అదుపుకి ఐదు మార్కులు. ఇస్తే ఎనభై రెండు. ఇవ్వకపోతే డెబ్భై ఏడు. నాకు తెలియని కారణం ఏదైనా ఉంటే చెప్పండి, రాస్తాను. నేనేం రాతి మనిషిని కాను."

పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. తెనిన్ విజిల్ తాడు మెడలోంచి తీసి వేలికి చుట్టుకుంది.

"ఏమీ లేదు, సార్."

ఆయన సున్నా చుట్టాడు. "వచ్చే ఏడాది మళ్ళీ రండి."

"వస్తాను."

బయట గేటు పక్కన, మోటారు సైకిల్‌కి ఆనుకుని కోనే నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, గోళ్ళలో నల్లటి గ్రీజు. ఆమెను చూడగానే టోపీ తీశాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"పోయిందా?"

"పోయింది."

"నావల్లేనా?"

"నీ నోటివల్లే. గుప్పెడు బొబ్బర్లు దాంట్లో కుక్కి ఉంటే ఎనభై రెండు వచ్చేవి."

కోనే పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ గోడ పక్కన కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. చాలాసేపు కదిలాయి. కోనే పక్కనే గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోలేదు, ఊరుకోమనీ అనలేదు.

"కబురు తెలిశాక నీ గదికి మూడుసార్లు వచ్చాను" అన్నాడు చివరికి. "తాళం వేసి ఉంది. ఇంకెక్కడికి రావాలో తెలియలేదు."

"బాగా అరిచావు, కోనే."

"మరి? నా పని అదేగా."

తండ్రి పోయాక ఆమెకు దక్కిన మొదటి పరామర్శ అదే.