లెక్కలోకి రాని గది

"మీరు మా గడప తొక్కకుండానే ఇంటికి విలువ కట్టేశారా సార్? అదీ తప్పుల తడక!" రిపోర్టును ఇంజినీరు బల్ల మీద పడేసింది టీచరమ్మ. "గదులు మూడైతే రెండని రాశారు. ఈ లెక్కన బ్యాంకు లోను రాదు, మా పైకప్పు కారుతూనే ఉంటుంది."

"బ్యాంకువాళ్లు మమ్మల్ని ఇళ్లకు పంపడం మానేశారమ్మా," విసుక్కున్నాడు ఇంజినీరు. "బయటి ఏజెన్సీ మనిషి కొలతలు, ఫొటోలు పంపిస్తాడు. వాటిని చూసే విలువ కట్టాలి. నాకు మాత్రం సరదానా?"

ఆ మనిషికే ఫోన్ చేసి స్పీకర్ నొక్కాడు. టీచరమ్మ ఇక్కడే ఉందని చెప్పి, మూడో గది ఎందుకు రాయలేదని అడిగాడు.

"మూడో గది చూడబోతే మీరే తలుపుకు అడ్డంగా నిలబడ్డారు కదమ్మా! పాత సామాన్లున్నాయి, వద్దన్నారు. చూడని గదిని ఎలా రాయను?"

టీచరమ్మ బల్ల మీది రిపోర్టును వెనక్కి తీసుకుంది. ఆ గదిలో ఉన్నది సామాన్లు కాదు, తమ్ముడు. ఉద్యోగం పోయాక ఏడాదిగా గది దాటలేదు. నలుగురి కంట పడకూడదని ఆమే అలా చెప్పింది.

"రేపు అతన్ని మళ్లీ పంపిస్తాను. చూడనిస్తారా?" అడిగాడు ఇంజినీరు.

ఆమె తమ్ముడికి ఫోన్ చేసింది. "ఒరేయ్, రేపు ఇల్లు చూడ్డానికి ఒకాయన వస్తాడు. కాసేపు తలుపు తీస్తావా? ఇబ్బందైతే వద్దులే."



"మొన్న ఆయనొచ్చినప్పుడు తీద్దామనే లేచానక్కా. గడియ మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడే నీ మాట వినబడింది."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"రేపు నేను బడికి వెళ్లిపోతానురా. ఇల్లంతా నువ్వే చూపించు."