రంగు లేని అచ్చు

“తెల్లకాయితం తెచ్చి చేతిలో పెడతావా? నాతోనే పరాచికాలా?”

ఉమాపతి మాస్టారు కాగితాన్ని బల్ల మీద పడేశాడు. మదనపల్లెలో ఆయన దగ్గర జపాను చెక్క అచ్చుబొమ్మలు నేర్చుకునే వాళ్ళలో భారతిని మించినవాళ్ళు లేరని ఆయనకు ఒకటే గర్వం. రేపే కుప్పంలో ప్రదర్శన. ఆయన సరేనన్న బొమ్మే అక్కడ గోడెక్కుతుంది. కిరణ్ చెక్కిన నల్లగీతల కొండ ఇందాకే గట్టెక్కింది.

“నెలదినాలు చెక్కినాను సార్. ఇంగొకసారి బాగా సూడండి.” భారతి కాగితాన్ని మళ్ళీ ఆయన చేతికిచ్చింది.

మాస్టారు విసుక్కుంటూనే కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. కాగితాన్ని కిటికీ దగ్గర పట్టి అటూ ఇటూ తిప్పాడు.

“ఏముండాది ఈడ సూసేదానికి? పోమ్మా పో, పుంగనూరు బస్సుకు టైమైతాంది.”

తిరిగి ఇచ్చేయబోతుంటే ఆయన వేలికి సన్నగా ఒక గీత తగిలింది. అది వంపు తిరిగింది. అరె, కొమ్ము! కింద గంగడోలు, పొట్టి కాళ్ళు. పుంగనూరు ఆవు! ఇక ఆయన వేళ్ళు ఆగితే ఒట్టు. కాగితమంతా తడిమేశాయి.

“ఓయమ్మా! ఆవును సగానికి కోసి అంచున నిలబెట్టినావు. ఇంత జాగా ఉత్తదే ఇడిసిపెట్టి, దూడ మూతి ఒక్కటే దాంట్లోకి సాపినావు. జపానోళ్ళ పద్ధతే! పైగా రంగు పుయ్యకుండా ఉత్త చెక్కతో ఒత్తినావు గదా! మంచునూ కొంగ రెక్కలనూ వాళ్ళు ఇట్లే అద్దుతారు. నేను నేర్పనేలేదే, యాడ నేర్చినావు తల్లీ?”

భారతి కాగితం వైపొకసారి, ఆయన కళ్ళ వైపొకసారి చూసింది.

“ఏదో... సేసినాను సార్,” అంటూ వెక్కింది.

“యాల ఏడుస్తావు? తిట్టినాననా? తప్పు నాదేలేమ్మా. కుప్పంలో ముందు గోడకు ఇదే. నేనే పక్కన నిలబడి అందరికీ చెప్తాను, రంగు లేని అచ్చంటే ఇదీ అని.”

“వద్దు సార్! నాది కుప్పానికి వద్దు. మీకే ఇస్తాండాను, మీ దగ్గరే పెట్టుకోండి.”

“పిచ్చిదానా, ఇట్లాంటి బొమ్మను ఇంట్లో దాచిపెడతారా?”

మాస్టారి భార్య గౌరమ్మ కాఫీ గ్లాసులతో వచ్చి, ఆయన చేతిలోని బొమ్మను చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“అబ్బ, ఏం రంగులమ్మా భారతీ! లేత పసుపు, లేత గులాబీ... అచ్చం పొద్దు పొడస్తాండేట్లే ఉండాది గదా!”