చదివినవాళ్ల మాట

బస్సెక్కే ముందే స్వామిదాసు తెగేసి చెప్పాడు.

"కామారెడ్డోళ్లు నవ్విండ్రనుకో, రెండో పుస్తకం గూడ అచ్చుకు పంపుత. నవ్వలేదంటే ఆ కాయితాల కట్ట పొయ్యిల పెడ్త. మల్ల కలం ముట్ట."

"నేను నవ్విన గద," అంది సాలవ్వ.

"నువ్వు ఇంట్ల మనిషివి. నీ నవ్వు లెక్కల రాదు."

భార్య నవ్వంటే అంత చులకన. నిజానికి సాలవ్వ మామూలుగా నవ్వలేదు. అచ్చాఫీసు నుంచి అతని మొదటి కథల పుస్తకం రాగానే, బీడీ ఆకు కత్తిరించే కత్తెరతో అప్పటి పుస్తకాల్లో మడత కొయ్యకుండానే వచ్చే పేజీల అంచులు కోసుకుంటూ, కోసిన మేరకు చదువుకుంటూ, ఆ రోజు బీడీల పనంతా పాడుచేసుకుంది. చావడానికి ససేమిరా అనే ముసలమ్మ కథ చివర్న ఉంది. అక్కడికొచ్చేసరికి నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఎల్లారెడ్డి బడిపంతులు స్వామిదాసుకు అది చాలలేదు. పెద్దవాళ్లు నవ్వాలి.

కామారెడ్డిలో పెద్దవాళ్లకు కొదవ లేదు. కచేరీ నుంచి బడి దాకా అంతా ఉర్దూలోనే నడిచే ఆ నిజాం రోజుల్లో తెలుగు పఠన మందిరం పెట్టామని వాళ్లకు తగని గర్వం. కొత్త పుస్తకం వస్తే ఒకటే ప్రతి, సభ్యుల ఇండ్లన్నీ తిరిగి వస్తుంది. ఆ తర్వాత అందరూ కూర్చుని అభిప్రాయాలు చెప్పాలి. చదవలేదని ఒప్పుకున్నవాడు ఆ పూట సభకంతా చాయ్ తాగించాలి. ఈ షరతు పెట్టాక సభ్యులకు చదువు మీద శ్రద్ధ అమాంతం పెరిగిందని కార్యదర్శి దేవన్న ఎక్కడికి పోయినా చెప్పుకునేవాడు.

స్వామిదాసు వెళ్లేసరికి సభ నిండుగా ఉంది. అచ్చాఫీసు నుంచి నేరుగా మందిరానికి వచ్చిన ప్రతి బల్ల మీద ఉంది. ఇన్ని ఇండ్లు తిరిగిందేమో, అట్ట మాసిపోయింది. అది చూసి స్వామిదాసుకు ప్రాణం లేచొచ్చింది.

"చదవనోళ్లెవరన్న ఉన్నరా?" అని దేవన్న ఆనవాయితీగా అడిగాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు.

ముందుగా వకీలు పర్శరాములు గొంతు సవరించుకున్నాడు.

"మొదటి కతనే చూడుండ్రి. ఎల్లయ్యనేటోడు ఠాణాకు పోయి, నా నిద్రను దొంగలెత్కపోయిండ్రని ఫిర్యాదు జేస్తడు. అమీన్ సాబ్ ఏం అడుగుతడు? నీ నిద్ర ఏ రంగు అని. నేను ఇన్నేండ్ల సంది కచేరీకి పోతున్న. గసోంటి అమీన్ని యాడ చూడలే."

"నవ్వుకోనీకె రాసిన సార్," అన్నాడు స్వామిదాసు.

"నవ్వొస్తే గద నవ్వుడు."

అధ్యక్షుడు రాజలింగు పెద్ద ఆసామి. మీసం సవరించుకున్నంతసేపు అందరూ ఆగారు.

"గా ఎల్లయ్యకు బుద్ధి లేదనుకుందాం. రాసినోనికి ఉండద్దా పంతులూ? నిద్ర పోతె వైద్యుని దగ్గరికి పోవాలె."

సభంతా తలలూపింది. తల ఊపడంలో వాళ్లకు మంచి అలవాటుంది.

"మరి తక్కిన కతలు?" అన్నాడు స్వామిదాసు.

"తక్కినయి గూడ గట్లనే," అన్నాడు పర్శరాములు.

"ముసలమ్మ కత గూడనా సార్? చివరిది?"

"అదైతే ఇంక అన్యాయం," అన్నాడు రాజలింగు. "చివరిదాంక పోయేసరికి నా పానం పోయింది."

స్వామిదాసు తల వంచుకున్నాడు. ముసలమ్మ కథ కోసం అతను ఎన్నాళ్లు కూర్చున్నాడో, ఎన్నిసార్లు కొట్టేసి రాశాడో సాలవ్వకు తెలుసు. ఆ కథే అన్యాయమైతే ఇక రాయడానికి ఏం మిగిలినట్టు?

దేవన్న మాసిన అట్టను రెండు వేళ్లతో పట్టుకుని పుస్తకాన్ని అతని ముందుకు తోశాడు.

"మందిరంల మంచి పుస్తకాలకే జాగ లేదు. ఏమనుకోకుండ్రి."

"అందరం చదివితిమి. మరి చాయ్ ఎవలు తాగియ్యాలె?" అన్నాడు రాజలింగు. "రాసినోడే తాగియ్యాలె."

అందరూ పడీపడీ నవ్వారు. ఆ రోజు సభలో వినపడ్డ నవ్వు అదొక్కటే. స్వామిదాసు చాయ్ తాగించాడు. పుస్తకాన్ని సంచిలో పడేసి, దారి పొడుగునా దాని మొహం చూడకుండా ఎల్లారెడ్డి చేరాడు.

సాలవ్వ పొయ్యి మీద అన్నం ఎసరు పెడుతోంది. అతను నేరుగా పెట్టె తెరిచి, రెండో పుస్తకానికి రాసిపెట్టుకున్న కట్ట తీశాడు.

"జర ఆగు. ఏమన్నరు?" సాలవ్వ చెయ్యి పట్టుకుంది.

"చదివినోళ్లు ఏమంటరో అదే అన్నరు."

"ఆళ్లు కాదంటె నేను లేనా?"

"చెప్పిన గద, నీది లెక్కల రాదని."

చెయ్యి విడిపించుకుని కట్టను మంటలోకి తోశాడు. ముడి ఊడి కాగితాలు అంటుకున్నాయి. ఇంకో ప్రతి లేదు. సాలవ్వ పట్కారు తెచ్చేలోపే అంతా నల్లబడి పొడిపొడి అయిపోయింది. ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఎసట్లో బియ్యం పోసింది.

స్వామిదాసు సంచిలోని పుస్తకం తీసి ఆమె ముందు పడేశాడు.

"గిది గూడ పెట్టు. పీడ పోతది."

సాలవ్వ దాన్ని చేతిలోకి తీసుకుంది. పొయ్యిలో పెట్టకుండా అలవాటుగా అంచు మీద వేలు నడిపించింది. దీపం దగ్గరికి జరిగి, మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూసింది. తర్వాత తన కత్తెర తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, పుస్తకం అతని ఒళ్లో ఉంచింది.

ఠాణాలో అమీను ఎల్లయ్యను నిద్ర రంగు అడిగిన పేజీ తర్వాత, ఆ పుస్తకంలో ఒక్క పేజీ అంచు కూడా ఎవరూ కొయ్యలేదు.