ఒకే నంబరు

పొద్దుటి నుంచి మెసేజ్‌లు ఆగడం లేదని గీత చూడకుండానే ఫోనును వైబ్రేషన్‌లో పెట్టేసింది.

సూర్యాపేట ఆఫీసులో ఆమె పని, బ్రౌజర్‌లో ఏ బటన్ ఎప్పుడు నొక్కాలో ఏఐ ఏజెంటుకు గైడు రాయడం. కోదాడలో ఒక దవాఖాన డయాలసిస్ బుకింగులను ఈమధ్య ఆ ఏజెంటే చూస్తోంది.

"ఒకే ఫోన్ నంబరు మీద ఎన్ని పేర్లున్నా మనిషి ఒక్కరే. మొదటిది ఉంచి, మిగతావి క్యాన్సిల్ చెయ్యి."

ఆ మాట ఆమె రాసిందే. డబుల్ బుకింగులను భలే పట్టావని మేనేజరు మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం నడిగూడెం నుంచి నాయిన ఫోన్ చేశాడు.

"బిడ్డా, మన జానమ్మత్త పానం పోయింది. బుకింగు లేదని దవాఖానోళ్లు రెండుసార్లు వాపస్ పంపిన్రు."

గీతకు తను రాసిన గైడు గుర్తొచ్చింది. "ఎవల నంబరిచ్చింది నాయినా?"

"ఇంకెవలది, నీదే. నాతోటి డయాలసిస్‌కు పోయేటోళ్లకు అందరికీ నీ నంబరే ఇయ్యమని నేనే జెప్పిన. సదువుకున్నదానివి, మెసేజొస్తే సూసి చెప్తవని."

చెవికి ఆనించుకున్న ఫోను మళ్లీ వణికింది. ఈసారి గీత చూసింది.

"మీ బుకింగ్ రద్దయింది."

దాని కింద నాయిన పేరుంది.