ముప్పై ఒకటో శిల్పి

“ఆ ముప్పై ఒకటో ఆయన ఇల్లెక్కడ బాజీ?” అన్నారు పుల్లారావు సారు, దుర్గిలో బస్సు దిగీ దిగగానే.

 దుర్గి రాతి శిల్పుల మీద బాజీ చేస్తున్న పరిశోధనకు సారే గైడు. నలభైమంది శిల్పుల్ని కలిసి, వాళ్ల పనితనం గురించి అడిగి రాసుకోవాలని ఇద్దరూ కూర్చుని వేసుకున్న పథకం. బాజీ కలిసింది పన్నెండుమందిని. ఏప్రిల్ ఎండకు తాళలేక, మిగతా ఇరవై ఎనిమిది మందినీ మాచర్లలో ఫ్యాను కింద కూర్చుని తనే పుట్టించాడు. పుట్టించినవాడు ఊరుకున్నాడా? ముప్పై ఒకటో కాగితంలో వీరయ్య అనే శిల్పిని మరీ గొప్పగా రాసేశాడు. చెక్కిన విగ్రహం గడప దాటిన రోజు వీరయ్య అన్నం ముట్టడట! సారు అది చదివి, ఆయన్ని చూశాకే థీసిస్ మీద సంతకం పెడతానన్నారు. సంతకం లేకపోతే మూడేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే.

ఇంట్లో ఉన్నాడో లేడో చూసొస్తానన్నాడు బాజీ. సారు తొందరపెట్టలేదు. టీకొట్టు బల్ల మీద కూర్చుని, నిదానంగానే రమ్మన్నారు.

బాజీ పరుగున పోయి, తను నిజంగా కలిసిన శిల్పుల్లో ఒకడైన బ్రహ్మయ్య పందిట్లో పడ్డాడు. ఆంజనేయుడి తోక దగ్గర ఉలి ఆడిస్తున్న ఆ పెద్దాయనకు, తల దించుకుని జరిగిందంతా చెప్పాడు. ఈ ఒక్కపూటకు వీరయ్యవు కమ్మని బతిమాలాడు.

బ్రహ్మయ్య తిట్టలేదు, ఆశ్చర్యపోనూ లేదు. పేరు ఇంకోసారి చెప్పమన్నాడంతే.

“విగ్రహం ముందు నీ చేత అబద్ధం ఆడిస్తన్నా బాబాయ్. పాపం నాదే,” అన్నాడు బాజీ.

“దీనికింకా కళ్లు తెరవలా. చూడదులే,” అన్నాడు బ్రహ్మయ్య. ఉలి పక్కన పెట్టి వీధి వంక చూశాడు. “కానీ అబ్బాయ్, ఈ వీధినిండా ఉలి పట్టినోళ్లే. ఎదురింటి గడప తొక్కినా చెప్పేవోళ్లు గదా. ఆ పది అడుగులకే అంత బరువైందా?”

 చెంప మీద కొట్టినా బాజీ అంత సిగ్గుపడేవాడు కాడు.

బాజీ వెళ్లి సారును తీసుకొచ్చాడు. బ్రహ్మయ్య వీరయ్య అయిపోయాడు. విగ్రహం వెళ్లిన రోజు అన్నం తినరట గదా అని అడిగితే, ఆడపిల్లని అత్తారింటికి అంపినట్టుంటదండీ, ముద్ద దిగదు అన్నాడు. బాజీ రాసినదానికన్నా అదే బాగుంది. సారు పుస్తకంలో రాసుకున్నారు.

ఇంతలో బ్రహ్మయ్య భార్య అలివేలమ్మ మజ్జిగ తెచ్చింది. మీ ఆయన పేరేంటమ్మా అని సారు ఉన్నట్టుండి అడిగేసరికి బాజీకి ముచ్చెమటలు పోశాయి. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడి పేరు నోట పలికే ఇల్లాలు కాదు కాబట్టి బాజీ బతికిపోయాడు.

“ఎండన పడి ఇల్లిల్లూ తిరిగుంటావు. చానా కష్టం నాయనా, తాగు,” అంటూ ఆవిడ గ్లాసు బాజీ చేతికే ముందు ఇచ్చింది.  ఫ్యాను కింద కూర్చున్న ఆ నాలుగు రోజులూ గుర్తొచ్చి, అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

తిరిగి టీకొట్టుకి వచ్చారు. బస్సుకింకా టైముంది. సారు బల్ల మీద కాగితాలు పరిచి పెన్ను తీశారు. మూడేళ్లుగా బాజీ ఎదురుచూసిన సంతకం అది. పెన్ను కాగితాన్ని తాకబోతుంటే అతని వల్ల కాలేదు.

“ఆగండి సార్. ఆయన వీరయ్య కాదు. వీరయ్యే లేడు. ఇరవై ఎనిమిది మందిని నేనే రాశాను.”

సారు పెన్నుకి మూత పెట్టారు. చాలాసేపు బాజీ మొహం వంక చూడలేకపోయారు.

“నాకు తెలుసు బాజీ,” అన్నారు చివరికి. “పన్నెండేళ్ల కిందట నా థీసిస్ కోసం ఆయన గురవయ్య అయ్యాడు.”