ఉతికిన గుడ్డ

తల్లి సంచి సర్దుతోంది.

రెండు జతల బట్టలు, తువ్వాలు, దుప్పటి పెట్టింది. పెన్సిలు చెక్కుకునే బ్లేడు పెట్టి, మళ్లీ తీసేసింది.

కూతురు చూసింది. ఎందుకు తీశావని అడగలేదు.

ఆర్ట్ కాలేజీలో సీటు రాలేదని తెలిసిన రోజున ఆ పిల్ల తన బొమ్మలన్నీ చింపేసింది. ఆ తర్వాత వేసినవి కూడా చింపేస్తోంది. అన్నం ముందు కూర్చోదు. గది తలుపు వేసుకుంటే తియ్యదు.

"నలుగురిలో పడనీ అక్కా" అని మేనమామ పట్టుబట్టి వాటర్ కలర్ వర్క్‌షాప్‌లో చేర్పించాడు. వారం రోజులు అక్కడే ఉండాలి. రంగులు, కుంచెలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

"సాయంత్రమే బస్సు. కొట్టుకి నువ్వూ రావే, నాకేం తెలుసు?"

"ఏదో ఒకటి తేమ్మా. ఎలాగూ చింపేసేవే."

తల్లికి పిల్లని ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. పక్కింటావిడను పిల్ల దగ్గర కూర్చోబెట్టి కొట్టుకి పరుగెత్తింది.

చేతికందిన పల్చటి కాగితాల పుస్తకం తీసింది. పెద్ద నల్లరంగు ట్యూబు తీసింది. ఈమధ్య పిల్ల వాడేది ఆ ఒక్క రంగే.

"అది వద్దండీ."

పక్కనెవరో నెరిసిన జుట్టావిడ. ట్యూబు తీసుకుని మళ్లీ అరలో పెట్టేసింది.

"అయ్యో, మా అమ్మాయికి నలుపే కావాలి!"

"అది కాగితాన్ని పట్టుకుంటే వదలదు. ఈ రంగులు తీసుకోండి. ఆరాక కూడా తడి కుంచెతో రుద్దితే లేచొచ్చేస్తాయి. కాగితం కూడా మందంగా ఉండాలి."

"ఈవిడ ఇక్కడ నిలబడిందంటే నా నల్లరంగు ఒక్కటీ కదలదండీ" అని కొట్టాయన నవ్వాడు.

తల్లికి నవ్వు రాలేదు. మందపాటి కాగితం ధర చూసి ఒళ్లు మండింది.

"మీకు కమీషనేమన్నా ఇస్తారా ఏంటి? చింపి పోగులు పెట్టేదానికి ఇంత ఖరీదు కాగితమా?"

ఆవిడ చటుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది.

"చింపేస్తుందా? చింపనివ్వకండి. తప్పు పడితే తుడుచుకోవచ్చని చెప్పండి. బస్సెక్కేటప్పుడైనా చెప్పండి, మర్చిపోకండి."

"మా పిల్ల సంగతి మీకెందుకండీ? కన్నవాళ్లకి తెలుస్తుంది ఆ కోత. మీరు కని పెంచితే కదా!"

ఆవిడ చెయ్యి వదిలేసింది.

తన సంచిలోంచి ఒక పాత గుడ్డ తీసింది. మెత్తటిది, నిండా రంగుల మరకలు. కాసేపు చేతిలోనే ఉంచుకుని, తర్వాత ఇచ్చింది.

"దీన్ని సంచిలో అన్నిటికంటే పైన పెట్టండి. అడుగున పెడితే వెతుక్కునే ఓపిక ఉండదు వాళ్లకి."

వాదించడానికి టైము లేదు. ఆవిడ ఏరి పెట్టినవే తీసుకుని తల్లి ఇంటికి పరుగు పెట్టింది.

బస్సు కదలబోతుంటే కిటికీ ఊచ పట్టుకుంది.

"తప్పు పడితే తుడుచుకోవచ్చటే. గుడ్డ పైనే పెట్టాను."

కూతురు సంచి ఒళ్లోకి లాక్కుంది.

ఆ వారమంతా తల్లికి నిద్ర లేదు. ఫోను మోగితే ప్రాణం పోయేది, మోగకపోయినా పోయేది.

ఎనిమిదో రోజు పిల్ల బస్సు దిగింది.

"ఆకలేస్తోందమ్మా."

ఆ ఒక్క మాటకి తల్లి బస్టాండులోనే కూలబడి ఏడ్చింది.

ఇంటికెళ్లాక పిల్ల ఒక బొమ్మ చూపించింది.

"ఇక్కడ పాడైపోయిందమ్మా. చింపేద్దామని కాగితం పైకెత్తాను. ఎదురుగా గుడ్డ కనిపించింది. తుడిచి చూస్తే మబ్బులా వచ్చింది. బాగుంది కదూ?"

తల్లి ఆ గుడ్డని సబ్బుతో నానబెట్టి, ఒక్క మరక మిగలకుండా ఉతికింది. ఇస్త్రీ చేసింది. కాళ్ల మీద పడైనా సరే, ఆవిడని క్షమించమని అడగాలనుకుంది.

కొట్టాయన గుడ్డ విప్పి అటూ ఇటూ తిప్పాడు.

"మరకలేవండీ?"

"శుభ్రంగా ఇద్దామని ఉతికేశాను. ఆవిడ ఎప్పుడొస్తారు?"

"ఇంక రారండీ. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికంటే చెప్పలేదు." ఆయన గుడ్డని మెల్లగా మడిచాడు. "ఇది వాళ్లమ్మాయిదండీ. ఆ మరకలు ఆ పిల్ల చేతివి."

"పోనీ, ఆ అమ్మాయికే ఇస్తాను. ఎక్కడుంటుంది?"

కొట్టాయన తలెత్తలేదు.

"ఆ పిల్ల సంచి ఆవిడే సర్దారండీ. నల్లరంగు పైన, గుడ్డ అడుగున. సంచి తిరిగొచ్చింది. గుడ్డ మడత విప్పనేలేదు."

పోయినేడు తొలి వానలప్పుడు ఇదే వర్క్‌షాప్‌కి వెళ్లిన ఆ పిల్ల ప్రాణాలతో తిరిగి రాలేదు.