గేదె గుంజ

నర్సీపట్నం రిజిస్ట్రారాఫీసుకు వచ్చేటప్పుడు బెల్లం వర్తకుడు మన్మథరావు చేతిలో స్టాంపు కాగితాలు, మనసులో సర్వేయరును పిలవకుండా ఖర్చు తప్పించుకున్న సంతోషం ఉన్నాయి. గంటలో పని అయిపోయింది. రామాయమ్మ జీడితోటలో సగం అతనిదైంది.

రామాయమ్మ వేలి సిరా కొంగుకు తుడుచుకుంది. "బేగి ఎల్లాలి బాబూ. గేదెను మార్చి కట్టాలి."

"మార్చడమేటి పిన్నీ?"

"గడ్డి ఎక్కడుంటే అక్కడే గుంజ పాతుతాను. నిన్న నీ వేపు పది బారలు జరిపాను."

మన్మథరావు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "యాజులుగారూ, తూరుపు హద్దు ఏటని రాసారు?"

దస్తావేజులు రాసే యాజులు కళ్లజోడు సర్దుకున్నాడు. "'రామాయమ్మ గేదెను కట్టు గుంజ.' మీరు చెప్పిందేనండీ! కొలతలు దండగ, గుంజ కనబడుతోంది కదా అన్నారు."

"అయితే నా బూమి గడ్డిని బట్టి పెరిగి తరుగుతాదా?"

"పెరగదు నాయినా," అంది రామాయమ్మ జాలిగా. "గడ్డంతా నీ వేపే ఉంది."

మన్మథరావు జేబులో మిగిలిన డబ్బు తడుముకున్నాడు. "పిన్నీ, ఆ గేదెను నాకు అమ్మీ."

"కొంటే అది రామాయమ్మ గేదె కాదు గదండీ," అన్నాడు యాజులు. "తూర్పున మీకు హద్దే ఉండదు."

గేదె మీద మీదకు రావడం కన్నా హద్దు లేకపోవడమే నయమనుకుని మన్మథరావు కొన్నాడు.

మర్నాడే సర్వేయరుకు కబురు వెళ్లింది. సగం తోట, మూడు హద్దులు, ఒక గేదె. ఇంతా చేస్తే మన్మథరావుకు మిగిలిన లాభం ఒక్కటే: సర్వేయరు కాఫీకి పాలు కొననక్కర్లేదు.